కంట్రీ పాటలో దేశభక్తి: నాలుగు తరాల రాజకీయ చలనం

ప్రస్తావన

ఆంగ్లంలో ‘కంట్రీ’ అనే మాటకు పల్లె, దేశం అనే రెండర్థాలున్నాయి. భారతీయ సంగీత శాస్త్రంలోని ‘దేశి’ శబ్దం దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. స్త్రీలు, బాలురు, గోపాలకులు, రాజులు తమ తమ ప్రాంతాలలో ఇష్టంతో పాడుకొనే గానాన్ని మతంగుడు ‘బృహద్దేశి’లో దేశి అన్నాడు. అక్కడ దేశమంటే ప్రాంతమే, రాజ్యం కాదు. అమెరికాలో కంట్రీ సంగీతం పల్లె పాటగా మొదలై క్రమంగా యావద్దేశం పేరిట మాట్లాడే పాటగా పరిగణన పొందింది. పల్లె మీది మమకారం దేశభక్తిగా ఎలా రూపొందింది, ఆ దేశభక్తి ఒక పార్టీ సొత్తుగా ఎందుకు కనిపించసాగింది అన్నవి ఈ సంగీత చరిత్రలో కీలకమైన ప్రశ్నలు.

కంట్రీ సంగీతం పుట్టుకతోనే సంప్రదాయవాదుల పక్షాన, ఆపై రిపబ్లికన్ పార్టీ పక్షాన నిలిచిందన్న అభిప్రాయం నేడు బాగా వ్యాపించి ఉంది. చారిత్రకాధారాలు దీనిని బలపరచవు. ఈ పాట వినే కుటుంబాలలో అధిక భాగం రెండు మూడు తరాలపాటు డెమోక్రటిక్ పార్టీకి ఓటు వేసినవే. కంట్రీ పాటలోని దేశభక్తికి మూలం శ్రామిక కుటుంబాల గౌరవకాంక్ష అనీ, తమను చులకన చేస్తున్నది ఎవరని శ్రోతలు భావించారో దానినిబట్టి ఆ పాట రాజకీయ దిశ తరతరానికీ మారిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దిశను స్థిరపరచడంలో గాయకుల కంటె పార్టీలకూ, రేడియో వ్యాపారానికీ ఎక్కువ పాత్ర ఉంది. మెర్ల్ హాగర్డ్ (1937–2016) జీవితం ఈ పరిణామానికి మంచి నిదర్శనం.

మార్కెట్టు గీసిన తొలి గీత

1923లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు నిర్వాహకుడు ఓకే కంపెనీ తరఫున అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే ఫిడేలు కళాకారుని రికార్డు చేశాడు. దక్షిణాది గ్రామీణులు కూడా రికార్డులు కొనే శ్రోతలేనని ఆ అమ్మకాలు వ్యాపారులకు తెలియజెప్పాయి. 1927 వేసవిలో పీర్ విక్టర్ కంపెనీ కోసం టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున ఉన్న బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ కుటుంబాన్నీ, జిమ్మీ రాడ్జర్స్‌నూ తొలిసారి రికార్డు చేశాడు. ఈ సంగీత పరిశ్రమకు ఆ రికార్డింగులే పునాది వంటివని చరిత్రకారులు భావిస్తారు.

కంపెనీలు తమ సరుకును జాతిని బట్టి విడదీశాయి. నల్లజాతివారి పాటలు ‘రేస్’ రికార్డులయ్యాయి. తెల్లజాతి గ్రామీణుల పాటలు ‘హిల్‌బిల్లీ’ రికార్డులయ్యాయి. కార్ల్ హాగ్‌స్ట్రామ్ మిల్లర్ తన ‘సెగ్రిగేటింగ్ సౌండ్’ (2010) గ్రంథంలో చూపినట్లు, దక్షిణాది కళాకారులు పాడే పాటలలో ఇంత స్పష్టమైన విభజన లేదు. బాంజో వాద్యమే ఆఫ్రికా మూలాలు కలది. నాష్‌విల్ నగరంలోని డబ్ల్యు.ఎస్.ఎం. రేడియో 1925లో ప్రారంభించిన కార్యక్రమం 1927 నుంచి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ పేరుతో ప్రసిద్ధమైంది. దాని తొలి ప్రముఖులలో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి మౌత్ ఆర్గాన్ విద్వాంసుడు ఉన్నాడు. 1941లో ఆయనను ఆ వేదిక నుంచి తొలగించారు.

‘హిల్‌బిల్లీ’ అంటే కొండ ప్రాంతపు మోటువాడు. ఈ సంగీతానికి మార్కెట్టు పెట్టిన మొదటి పేరే ఒక ఎద్దేవా మాట. జాతి గీత, వర్గావమానం అనే రెండు అంశాలూ దీనికి పుట్టుకతోనే సంక్రమించాయి. తరువాతి కాలపు రాజకీయాలు ఈ రెండింటినీ వేర్వేరు పాళ్ళలో వాడుకొన్నాయి.

మాంద్యపు తరం: డెమోక్రాట్ల దక్షిణం

అంతర్యుద్ధానంతరం దక్షిణాది తెల్లజాతి ఓటర్లు దశాబ్దాలపాటు డెమోక్రటిక్ పార్టీని అంటిపెట్టుకొన్నారు. మహా ఆర్థిక మాంద్యం కాలంలో రూజ్వెల్టు ప్రభుత్వం చేపట్టిన ‘న్యూ డీల్’ పథకాలు ఆ బంధాన్ని మరింత బిగించాయి. పొలం పోగొట్టుకొన్న రైతుకూ, పని లేని గనికార్మికునికీ ఆనాడు ప్రత్యర్థులు బ్యాంకు యజమానులు, పెద్ద కంపెనీల అధిపతులు.

హాగర్డ్ తల్లిదండ్రులు ఈ తరానికి చెందినవారు. వారు ఓక్లహోమాలోని తమ ఇంటిని విడిచి కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ప్రాంతానికి తరలి వెళ్ళారు. తండ్రి రైల్వేలో పని చేసేవాడు. పాత రైలు పెట్టెను ఇల్లుగా మార్చుకొని ఆ కుటుంబం నివసించింది. అక్కడివారు ఇటువంటి వలసదారులను ‘ఓకీ’లని ఈసడించేవారు. అదే ఓక్లహోమా నుంచి వచ్చిన ఉడీ గత్రీ 1940లో ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’ రచించాడు. ‘గాడ్ బ్లెస్ అమెరికా’ అనే గీతం పేదల దుఃస్థితిని పట్టించుకోలేదన్న అసంతృప్తి ఆ రచనకు ప్రేరణ. దేశాన్ని ప్రేమించడమూ, దేశసంపద ఎవరిదని నిలదీయడమూ ఆ పాటలో ఏకకాలంలో జరిగాయి.

రాజకీయ నాయకులు ఈ సంగీతపు శక్తిని త్వరలోనే గ్రహించారు. పిండి మిల్లు ప్రకటనల కోసం రేడియోలో వాద్యబృందాన్ని నడిపిన డబ్ల్యు. లీ ఓ’డేనియల్ వృద్ధులకు పింఛను వాగ్దానం చేసి 1938లో టెక్సస్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. తరువాత కార్మిక సంఘాలకు బద్ధవిరోధి అయ్యాడు. ‘యు ఆర్ మై సన్‌షైన్’ పాటతో ప్రసిద్ధుడైన జిమ్మీ డేవిస్ 1944లో లూసియానా గవర్నరు పదవిని చేపట్టాడు. 1960లో మళ్ళీ అదే పదవికి వచ్చినప్పుడు ఆయన జాతి విభజనను సమర్థించే వేదికపై నిలిచాడు. ఇద్దరూ డెమోక్రాట్లే. మరోవైపు ఆప్రీ అగ్రగాయకుడు రాయ్ ఎకఫ్ 1948లో టెనెసీ గవర్నరు పదవికి రిపబ్లికన్‌గా పోటీ చేసి ఓడిపోయాడు. ఎకఫ్‌పై ఎంత అభిమానమున్నా టెనెసీ ఓటర్లు తమ పార్టీని వదులుకోలేదు. దీనినిబట్టి ఆనాటి పార్టీ పేర్లను నేటి అర్థంలో ఉదారవాదానికో, సంప్రదాయవాదానికో పర్యాయాలుగా గ్రహించడం సరికాదని స్పష్టమవుతుంది.

సైనికుని ఇంటి పాట

1942లో ఎల్టన్ బ్రిట్ పాడిన ‘దేర్స్ ఎ స్టార్ స్పాంగిల్డ్ బానర్ వేవింగ్ సంవేర్’ విశేష ప్రజాదరణ పొందింది. అంగవైకల్యమున్న కొండప్రాంతపు యువకుడు తననూ యుద్ధానికి పంపమని వేడుకోవడం ఆ పాట ఇతివృత్తం. నవ్వులపాలైన వర్గానికి సైనిక సేవ సమాన పౌరసత్వాన్ని ప్రసాదించే మార్గంగా కనిపించిందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

యుద్ధానంతరం ఈ సంబంధం సంస్థాగతమైంది. దక్షిణాదిలో సైనిక స్థావరాలు విస్తరించి, అనేక కుటుంబాలకు జీవనాధారమయ్యాయి. సైనిక రేడియో ఈ సంగీతాన్ని ఐరోపా, ఆసియా ఖండాలలోని స్థావరాలకు చేరవేసింది. 1950లలో సైన్యం ‘కంట్రీ స్టైల్, యు.ఎస్.ఎ.’ అనే కార్యక్రమం ద్వారా నాష్‌విల్ గాయకులతో యువకులను సైన్యంలోకి ఆకర్షించింది. జోసెఫ్ థాంప్సన్ ‘కోల్డ్ వార్ కంట్రీ’ (2024)లో ఈ పరస్పర ప్రయోజనాన్ని సవివరంగా నిరూపించాడు. కంట్రీ పాటలో జెండా, సైనికుడు తరచుగా కనిపించడానికి సహజమైన భావావేశంతోపాటు ఈ ఆర్థిక బంధం కూడా కారణం.

అయితే సైనికునిపై ప్రేమ యుద్ధంపై ప్రేమగా పరిణమించడం అనివార్యం కాదు. 1966లో లొరెటా లిన్ పాడిన ‘డియర్ అంకుల్ శామ్’లో ఒక భార్య తన భర్తను యుద్ధానికి తీసుకుపోయిన దేశంతో మాట్లాడుతుంది; చివరకు అతని మరణవార్త వస్తుంది. ఆమె దేశాన్ని నిందించదు. అలాగని తనకు జరిగిన నష్టాన్ని దాచుకోదు. ఈ ద్వైవిధ్యాన్ని విస్మరిస్తే తరువాతి ఘట్టాలు అర్థం కావు.

1964–1974: గీత జరిగిన దశాబ్దం

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అదే ఏడాది దానిని వ్యతిరేకించిన రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ దేశమంతటా ఓడినా, దక్షిణాదిన అయిదు రాష్ట్రాలు గెలుచుకొన్నాడు. 1968లో జాతి విభజనవాది జార్జి వాలెస్ మూడో పార్టీ అభ్యర్థిగా అయిదు దక్షిణాది రాష్ట్రాలలో నెగ్గాడు. ఆయన సభలలో కంట్రీ వాద్యబృందాలు ఉండేవి. ఆ ఓట్లను తనవైపు తిప్పుకోవడం రిచర్డ్ నిక్సన్ వ్యూహమైంది.

ఈ నేపథ్యంలో 1969లో హాగర్డ్ పాట ‘ఓకీ ఫ్రమ్ మస్కోగీ’ వెలువడింది. మాదకద్రవ్యాలకూ, నిర్బంధ సైనిక సేవ పత్రాలను తగులబెట్టే నిరసనలకూ దూరంగా, జెండాను గౌరవిస్తూ బతికే చిన్న పట్టణవాసి గొంతు అది. పాటలోని అన్ని వరుసలకన్నా దాని శీర్షిక ముఖ్యమైనది. తన తల్లిదండ్రులను అవమానించడానికి వాడిన ‘ఓకీ’ అనే మాటను గాయకుడు గర్వంగా తల మీద పెట్టుకొన్నాడు. ముప్ఫైలలో ఓకీని చులకన చేసినవాడు భూస్వామి, పోలీసు. అరవైల చివర ఆ స్థానంలోకి నగరపు విద్యావంతుడు, కళాశాల విద్యార్థి వచ్చారు. గౌరవకాంక్ష అదే, ప్రత్యర్థి మారాడు. పాటను పరిహాసంగా మొదలుపెట్టానని ఒకసారి, మనస్ఫూర్తిగా రాశానని మరోసారి హాగర్డ్ చెప్పడంలో ఆ పాటలోని సందిగ్ధత వ్యక్తమవుతుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘ది ఫైటిన్ సైడ్ ఆఫ్ మి’లో మాత్రం సందిగ్ధతకు చోటు లేదు.

ఇదే కాలంలో హాగర్డ్ భిన్నజాతి ప్రేమికుల కథతో ‘ఇర్మా జాక్సన్’ రచించాడు. రికార్డు కంపెనీ దానిని వెంటనే విడుదల చేయడానికి ఇష్టపడలేదు. 1972లో గాని అది వెలువడలేదు. మద్దతు ప్రకటించమని వాలెస్ కోరగా హాగర్డ్ నిరాకరించాడు. శాన్ క్వెంటిన్ జైలులో శిక్ష అనుభవించిన ఆయనకు 1972లో కాలిఫోర్నియా గవర్నరు రోనాల్డ్ రీగన్ క్షమాభిక్ష ప్రసాదించాడు. 1973లో ఆయన శ్వేతసౌధంలో పాడాడు. శ్రోతకు చేరిన హాగర్డ్ వేరు, రాసుకొన్న హాగర్డ్ వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని పరిశ్రమ నిర్ణయించింది.

1970 ఏప్రిల్‌లో శ్వేతసౌధంలో జరిగిన జానీ క్యాష్ కచేరీ దీనికి మరో పార్శ్వం. హాగర్డ్ పాటనూ, ప్రభుత్వ సహాయం పొందే పేదలను వెక్కిరించే ‘వెల్ఫేర్ కాడిలాక్’నూ పాడమని నిక్సన్ పక్షం కోరింది. క్యాష్ అవి పాడలేదు. యువతరం ప్రశ్నలను ఆదరంతో వినిపించే తన ‘వాట్ ఈజ్ ట్రూత్’ను అధ్యక్షుని ఎదుటే పాడాడు. 1964లోనే ‘బిట్టర్ టియర్స్’ సంపుటిలో ఆదివాసుల అన్యాయగాథలు వినిపించిన ఆ గాయకుడే 1974లో చిరిగిన జెండాను స్తుతిస్తూ ‘రాగెడ్ ఓల్డ్ ఫ్లాగ్’ వెలువరించాడు. ఆయన దృష్టిలో ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. కానీ 1974 మార్చిలో ఆప్రీ కొత్త భవన ప్రారంభోత్సవంలో నిక్సన్ స్వయంగా పియానో వాయించేనాటికి, ఈ సంగీతం తన పక్షమేనని చాటుకొనే ప్రయత్నం ప్రస్ఫుటంగా కనిపిస్తున్నది.

రెండు దేశభక్తులు: 1976–2000

పాలకపక్షం చేసిన ఆ ప్రయత్నం వెంటనే ఫలించలేదు. 1976లో జార్జియాకు చెందిన డెమోక్రాట్ జిమ్మీ కార్టర్‌కు విల్లీ నెల్సన్, చార్లీ డేనియల్స్ వంటివారు అండగా నిలిచారు. 1973లో ‘అనీజీ రైడర్’ పాటలో మోటు సంప్రదాయవాదులను నవ్వులాటకు గురిచేసిన డేనియల్స్, 1980 నాటికి ‘ఇన్ అమెరికా’ పాటతో దేశ ఐక్యతను గానం చేశాడు. తరువాతి దశాబ్దాలలో గట్టి సంప్రదాయవాదిగా స్థిరపడ్డాడు. ఒక తరం శ్రోతలు నడిచిన దారి ఆయన జీవితంలో ప్రతిబింబించింది.

1984లో లీ గ్రీన్‌వుడ్ ‘గాడ్ బ్లెస్ ది యు.ఎస్.ఎ.’ వెలువడి, ఆ ఏటి రిపబ్లికన్ జాతీయ సభలో వినిపించింది. 1991 గల్ఫ్ యుద్ధకాలంలోనూ, 2001 తరువాతా అది మళ్ళీ మళ్ళీ మారుమోగింది. సరిగ్గా ఆ నడిమి కాలంలోనే, 1985 సెప్టెంబరు 22న ఇల్లినాయిలోని షాంపేన్‌లో విల్లీ నెల్సన్, నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ కలిసి అప్పులపాలైన రైతుల కోసం ‘ఫార్మ్ ఎయిడ్’ కచేరీ నిర్వహించారు. ఒకటి జెండా నీడలో కృతజ్ఞత పలికే దేశభక్తి. మరొకటి వేలానికి వచ్చిన పొలం పక్కన నిలబడే దేశభక్తి. రెండింటినీ ఒకే శ్రోతలు ఆదరించారు. ఎన్నికల ప్రచారానికి మొదటిది అనువుగా దొరికింది.

ఓట్ల లెక్క కూడా ఈ మార్పు నెమ్మదిగానే జరిగిందని సూచిస్తుంది. టెనెసీ, కెంటకీ, వెస్ట్ వర్జీనియా, ఆర్కాన్సా, లూసియానా రాష్ట్రాలు 1992లోనూ, 1996లోనూ బిల్ క్లింటన్‌ను గెలిపించాయి. 2000లో ఇవన్నీ జార్జి బుష్ వైపు మొగ్గాయి. అల్ గోర్ తన సొంత రాష్ట్రమైన టెనెసీనే నిలుపుకోలేకపోయాడు.

2001–2003: రేడియో తీర్పు

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత వచ్చిన రెండు పాటలు కంట్రీ దేశభక్తిలోని రెండు స్వరాలకు ప్రతీకలు. అలన్ జాక్సన్ ఆ నవంబరులో పాడిన ‘వేర్ వర్ యు’ దుఃఖాన్ని, విస్మయాన్ని, ప్రార్థనను వినిపించింది. 2002లో టోబీ కీత్ ‘కర్టసీ ఆఫ్ ది రెడ్, వైట్ అండ్ బ్లూ’ ప్రతీకారాన్ని వినిపించింది. సైన్యంలో పనిచేసి, దాడులకు కొన్ని నెలల ముందే మరణించిన తండ్రి స్మృతి దాని వెనుక ఉంది. కీత్ అప్పటికి తాను డెమోక్రాట్‌నని చెప్పుకొనే వ్యక్తి కావడం గమనార్హం. అయినా ప్రజల మనసులో ఆ పాటకు ఒక పార్టీ రంగు శాశ్వతంగా అంటుకొంది.

2003 మార్చి 10న లండన్ వేదికపై డిక్సీ చిక్స్ బృందగాయని నాటలీ మేన్స్, ఇరాక్‌పై యుద్ధం తమకు ఇష్టం లేదనీ, అధ్యక్షుడు తమ టెక్సస్‌వాడైనందుకు సిగ్గుపడుతున్నామనీ అన్నది. ఆ సమయంలో జనాదరణలో అగ్రస్థానంలో ఉన్న వారి పాట ‘ట్రావెలిన్ సోల్జర్’ వియత్నాం నుంచి తిరిగిరాని సైనికుని గురించినది. కొద్ది రోజులలోనే అనేక కేంద్రాలు వారి పాటలను ఆపివేశాయి. సైనికుని కోసం కంటతడి పెట్టించిన పాటే, గాయని యుద్ధాన్ని ప్రశ్నించగానే దేశద్రోహుల పాటగా మారిపోయింది.

దీని వెనుక వ్యాపార నిర్మాణం ఉంది. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక సంస్థ ఎన్ని రేడియో కేంద్రాలనైనా దేశవ్యాప్తంగా కలిగి ఉండటానికి వీలు కల్పించింది. కొద్ది ఏళ్ళలో కొన్ని సంస్థల చేతుల్లోకి వందలాది కేంద్రాలు చేరాయి. పూర్వం ఒక ఊరి రేడియో వదిలేసిన పాటను పొరుగూరి రేడియో వినిపించేది. ఇప్పుడు ఒక కార్యాలయపు నిర్ణయం అనేక ఊళ్ళకు వర్తించింది. 1975లో లొరెటా లిన్ ‘ది పిల్’ను చాలా కేంద్రాలు నిషేధించినా ఆమె స్థానం చెక్కుచెదరలేదు. చిక్స్ మాత్రం కంట్రీ రేడియోకు తిరిగి రాలేకపోయారు. 2007లో అయిదు గ్రామీ పురస్కారాలు వచ్చినా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆ సమయంలో వారిని బహిరంగంగా సమర్థించిన పెద్దలలో హాగర్డ్ ఒకడు. వారిపై సాగుతున్న దాడిని ఆయన మంత్రగత్తెల వేటతో పోల్చాడు. అదే ఏడాది ‘దట్స్ ద న్యూస్’ పాటలో, సైనికులు ఇంకా మరణిస్తుండగానే యుద్ధం ముగిసిందని చాటే ప్రసార మాధ్యమాలను ఆక్షేపించాడు. ముప్ఫై మూడేళ్ళ కిందట యుద్ధ విమర్శకులపై కళ్ళెర్రజేసిన గొంతే ఇది. వృద్ధ గాయకుడు మారాడనడం సగం నిజమే. సామాన్యుని బిడ్డ త్యాగాన్ని ఎవరూ చులకన చేయరాదన్న పట్టుదల రెండు పాటలలోనూ ఉంది. అయితే 1970 నాటి పాటను సభలలో మోగించినంతగా 2003 నాటి పాటను ఎవరూ మోగించలేదు.

కొత్త తరం: పాట ఎవరిది?

తరువాతి తరం రేడియో గడప దాటి అంతర్జాలంలో పాటలు వింటున్నది. 2019లో నల్లజాతి యువకుడు లిల్ నాస్ ఎక్స్ పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ పట్టిక నుంచి తొలగించింది, దేశవ్యాప్త పట్టికలో అది 19 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 1920లలో కంపెనీలు గీసిన జాతి గీత దీనితో మళ్ళీ చర్చకు వచ్చింది. బియాన్సే 2024లో వెలువరించిన ‘కౌబాయ్ కార్టర్’ ఆ చర్చను ముందుకు నడిపింది. 2025లో అది ఉత్తమ కంట్రీ సంపుటిగా గ్రామీ అందుకొంది.

2023లో జేసన్ ఆల్డీన్ ‘ట్రై దట్ ఇన్ ఎ స్మాల్ టౌన్’ దృశ్యచిత్రాన్ని టెనెసీలోని కొలంబియా పట్టణ న్యాయస్థాన భవనం ఎదుట తీశారు. 1927లో హెన్రీ చోట్ అనే నల్లజాతి యువకుడు మూకహత్యకు బలైన స్థలమది. బ్రిస్టల్ రికార్డింగులు జరిగింది కూడా ఆ ఏడాదే. చిన్న పట్టణమంటే కొందరికి భద్రత, మరికొందరికి భయం అన్న సత్యం ఈ వివాదంలో బయటపడింది.

అదే ఏడాది ఆగస్టులో ఆలివర్ ఆంథొనీ ‘రిచ్ మెన్ నార్త్ ఆఫ్ రిచ్‌మండ్’ ఒక్కసారిగా అగ్రస్థానానికి చేరింది. చాలని కూలి, ధనికుల పెత్తనం దాని ప్రధాన విషయాలు. ప్రభుత్వ సహాయం పొందేవారిపై చురకలూ ఉన్నాయి. రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ ఆ పాటతోనే మొదలైంది. తన పాట ఆ వేదిక మీద నిలుచున్న వంటివారి గురించేనని ఆంథొనీ వెంటనే ప్రకటించి, పార్టీ ముద్రను తోసిపుచ్చాడు. 2020లో కెంటకీ గాయకుడు టైలర్ చైల్డర్స్ ‘లాంగ్ వయొలెంట్ హిస్టరీ’లో తన ప్రాంతపు తెల్లజాతి శ్రోతలను నల్లజాతివారి వేదనను తమ వేదనగా ఊహించుకొమ్మని కోరాడు. హిల్‌బిల్లీ అనిపించుకొన్నవారి ఆత్మగౌరవాన్ని అతడు ఇతరుల గౌరవానికి ఆధారంగా మలచాడు.

ముగింపు

నాలుగు తరాల చరిత్రలో కంట్రీ పాట కేంద్రభావం పెద్దగా మారలేదు. పుట్టిన నేల, కష్టపడే చేతులు, యుద్ధానికి పోయిన కొడుకు, వెక్కిరింతను సహించని మనసు — ఇవే దాని దేశభక్తికి ముడిసరుకు. మారినది ప్రత్యర్థి రూపం. మాంద్యపు తరానికి అది బ్యాంకు. వియత్నాం తరానికి నిరసనకారుడు. 2001 తరానికి విదేశీ శత్రువు, అతనితోపాటు స్వదేశీ విమర్శకుడు. నేటి తరానికి రాజధానిలోని ధనికుడు. ప్రతి మలుపులోనూ ఆ ప్రత్యర్థికి తగిన పేరు పెట్టగలిగిన పార్టీ ఆ పాటను తన జెండాకు కట్టుకొన్నది. అందుకు వీలులేని పాటలు — ఇర్మా జాక్సన్ ప్రేమకథ, అప్పులరైతు కచేరీ, వృద్ధ హాగర్డ్ ఆక్షేపణ — ఉనికిలో ఉన్నా ఊరేగింపులో చోటు దక్కించుకోలేదు.

కనుక కంట్రీ సంగీతపు రాజకీయాన్ని అంచనా వేయడానికి మారుమోగిన పాటలతోపాటు ఆపివేసిన పాటలను, ఆలస్యంగా వచ్చిన పాటలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి. 2010లో కెనెడీ సెంటర్ పురస్కారాన్ని హాగర్డ్ అందుకొన్నప్పుడు అధ్యక్షుడు డెమోక్రాట్ అయిన బరాక్ ఒబామా. 1973లో నిక్సన్ ఇంట పాడిన ఆ గాయకుడు 2016 ఏప్రిల్ 6న, తన డెబ్బై తొమ్మిదవ పుట్టినరోజున మరణించాడు. రైలు పెట్టె ఇంటిలో పెరిగిన ఓకీ బిడ్డను రెండు పార్టీలూ సత్కరించాయి. అతని పాటలన్నింటినీ మాత్రం ఏ పార్టీ కూడా పాడుకోలేకపోయింది.